లెక్కల టీచరమ్మ, నాలుగు గంటల బంగ్లా

చదివేవారికి నమస్కారం. ముందే చెప్పుకుంటున్నాను, నా రాత బాగుండదు. ఊళ్ళో ఐదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత యాభై ఏళ్ళు చెవి మీద పెన్సిల్ ఉన్నా, అది చెక్క మీద గీతలు గీయడానికే గాని అక్షరాలకు కాదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటాయి. మీరే సరిచేసుకుని చదవండి.

లెక్కల టీచరమ్మ పోయారు. మీ అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు తెలిసింది మాత్రం ఆ సాయంత్రం నాలుగింటికి, అశోక్‌నగర్‌లో ఆమె ఇంటి మెట్ల మీద. ముందురోజు ఆమె నాకొక పని చెప్పారు. "మన గళ్ళ పుస్తకం నిండిపోయింది మేస్త్రిగారూ. చిక్కడపల్లిలో ఇంకోటి తెండి. చిన్న గళ్ళది. పెద్ద గళ్ళదైతే మన బంగ్లా నక్షాలో మెట్లు పట్టవు" అన్నారు. తెచ్చాను. గ్రంథాలయం పక్కనుంచి, పరీక్షలకు చదువుకునే పిల్లల గుంపులు తప్పించుకుంటూ నడిచి, రెండో అంతస్తు ఎక్కాను.

నేను తలుపులు చేసే మనిషిని. తలుపు చూస్తే లోపలి సంగతి కొంత తెలుస్తుంది. ఆమె ఇంటి తలుపుకు రెండు రెక్కలు. నేను వెళ్ళే వేళకు కుడి రెక్క ఒక్కటే తీసి ఉండేది. ఆరోజు రెండూ తీసి ఉన్నాయి. పెద్ద సామాను లోపలికి తేవాలన్నా, మనిషిని బయటికి తీసుకుపోవాలన్నా తప్ప రెండో రెక్క ఎవరూ తీయరు. బయట చాలా చెప్పులున్నాయి. నేను పుస్తకం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆమె తమ్ముడుగారు రాంనగర్‌లో ఉంటారు. ఆయనే బయటికొచ్చి నన్ను చూశారు. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చుందండీ అక్కయ్య. అంతే. నేను వచ్చేసరికి కళ్ళు మూసుకుని ఉంది" అన్నారు. "పుస్తకం తెమ్మన్నరు" అన్నాను. ఆ పుస్తకంలోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. గళ్ళల్లో అక్షరం ఒదగడం లేదు, అదొకటి.

నారాయణగూడ బళ్ళో ఆమె దగ్గర చదువుకున్న మీరంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారనీ, ఎవరికి గుర్తున్నది వాళ్ళు రాయాలనీ తమ్ముడుగారు చెప్పారు. అచ్చు వేయడానికి ముందు అందరికీ ఫోనులో పంపిస్తారట. "మీరూ రాయండి" అన్నారు. నేను ఆమె దగ్గర చదువుకోలేదు కదా అన్నాను. "ఎందుకు చదువుకోలేదు? ఏడాదిన్నర పాటు రోజూ గంట క్లాసు జరిగింది కదా" అన్నారు. ఆయన నవ్వుతూ అన్నారు గాని, ఆ మాట నిజం.

ఆమెను నేను మొదట చూసింది వానాకాలంలో. నారాయణగూడలో నా దుకాణం మూతపడి అప్పటికి చాలా ఏళ్ళైంది. రెడీమేడు తలుపులు వచ్చాక మాలాంటివాళ్ళతో పనేముంది. అయినా తెలిసినవాళ్ళు చిన్నచిన్న మరమ్మతులకు పిలిచేవాళ్ళు. ఆమె ఇంట్లో కిటికీ రెక్క వానకు ఉబ్బి పట్టేసింది. రెక్క ఊడదీసి, నేల మీద పరిచి చిత్రిక పడుతున్నాను. ఆమె నాకు వీపు పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అందులోంచి ఒక సంగీతం. ఆ వాయింపు వింటే ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుంది. మధ్యమధ్య వాన చప్పుడు. బయటి వానేదో, లోపలి వానేదో తెలియలేదు.

తెర మీద ఒక గది. గదిలో రాత బల్ల. బల్లకు మూడు సొరుగులు. ఆమె మధ్య సొరుగు తెరుస్తున్నారు, మూస్తున్నారు. ఖాళీ. మళ్ళీ తెరుస్తున్నారు. నేను చిత్రిక ఆపి చూస్తున్నాను. నాకు ఎవరితోనైనా మాట్లాడాలంటే జంకు. అడిగితే చెబుతాను, లేకపోతే లేదు.

ఆమె వెనక్కి తిరగకుండానే అడిగారు. "చప్పుడాగింది. ఏం చూస్తున్నారు?"

"ఏంలేదు టీచరమ్మ. ఆ బల్ల తప్పు చేసిన్రు."

"ఎవరు?"

"చేసినోళ్ళు. బల్ల లోతు రెండడుగులు ఉన్నది. డ్రా ఒక్క అడుగే వస్తున్నది. ఎనక ఇంకో అడుగు ఏమైంది?"

అప్పుడు తిరిగారు. కళ్ళజోడు కిందికి దించి నన్ను చాలాసేపు చూశారు. "ఆరు రోజులనుంచి చూస్తున్నానండీ దీన్ని. లెక్కల టీచర్ని, లోతు కొలవలేదు. రండి, మీరే నొక్కండి" అన్నారు.

"నాకు రాదు."

"రంపం పట్టడం వచ్చు కదా. ఇది దానికంటే తేలిక."

అప్పుడే చూశాను, ఆమె కుడిచెయ్యి వణుకుతోంది. మౌస్ పట్టుకుంటే తెర మీద బాణం గుర్తు తేనెటీగలా తిరుగుతోంది. నేను పొట్టు దులుపుకుని వెళ్ళి, చెప్పినచోట పట్టుకుని, సొరుగు వెనక పలక మీద నొక్కాను. పలక పడిపోయింది. దాని వెనక ఇనుప తాళంచెవి.

ఆమె చప్పట్లు కొట్టలేదు, ఏమీ లేదు. "కిటికీ ఎప్పటికవుతుంది?" అని అడిగారు.

"ఇంకో గంటలో అయితది."

"అయిపోయినా సరే, రేపు నాలుగింటికి రండి."

అలా మొదలైంది. మీలో కొందరికి ఆ ఆట తెలిసి ఉండొచ్చు. తెలియనివాళ్ళకు చెబుతాను. పరిగెత్తే ఆట కాదు, కాల్చుకునే ఆట కాదు. కొండ మీద ఒక పాత బంగ్లా. అందులో తొమ్మిదేళ్ళ పాప ఎప్పుడో కనబడకుండా పోయింది. ఆ పాప ఏమైందో మనం కనుక్కోవాలి. ఒక్కో గది తెర మీద కనిపిస్తుంది. ఏ వస్తువు మీద నొక్కితే అది తెరుచుకుంటుంది, లేదా ఒక ఉత్తరం ఇస్తుంది, లేదా ఏమీ ఇవ్వదు. దొరికిన సామాను అడుగున సంచీలో చేరుతుంది. ఎక్కడ ఏది వాడాలో మనమే ఆలోచించుకోవాలి. పియానో దానంతటదే మోగుతుంది. మెట్ల మలుపులో పెద్ద అద్దం ఉంటుంది. అందులో అప్పుడప్పుడు తెల్లగౌను పాప కనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

ఆటకు ఇంగ్లీషు పేరేదో ఉంది. మేము బంగ్లా అనేవాళ్ళం. పదవీ విరమణ అయ్యాక ఆమె దగ్గర చదివిన అమ్మాయి ఒకరు చూడటానికి వచ్చి, "టీచర్, మీకు చిక్కు లెక్కలంటే ఇష్టం కదా, ఇది ఆడండి" అని పెట్టి వెళ్ళిందట. ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. మీలోనే ఉండి ఉంటుంది.

పని ఇద్దరం పంచుకున్నాం. ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో. ఆమె చదివి తెలుగులో చెప్పేవారు. మౌస్ నా చేతిలో. కొయ్య సంగతులు నావి, లెక్క సంగతులు ఆమెవి. గళ్ళ పుస్తకంలో బంగ్లా నక్షా గీశాను. గోడలు, గుమ్మాలు, మెట్లు, గడికి ఒక అడుగు లెక్కన. కుర్చీలు రెండు. ఆమెది పేము కుర్చీ, అందులో దూది మెత్త ఉన్నది. నాది నేనే అతుకు పెట్టిచ్చిన పాత కుర్చీ. నాలుగింటికి సందు చివరి కోచింగ్ క్లాసు వదిలేవాళ్ళు. పిల్లల గోల మొదలవగానే ఆమె కంప్యూటర్ పెట్టేవారు. ఐదింటికి టీ. ఆ తర్వాత ఎంత దగ్గరికొచ్చినా ఆపేయడమే. "గంట కొట్టాక రాసినది దిద్దను" అనేవారు.

మొదట్లో నాకు భయం. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అద్దంలో పాప మొదటిసారి కనిపించినప్పుడు మౌస్ మీదినుంచి చెయ్యి తీసేశాను.

"ఏమైంది?"

"ఏంలేదు. చెమట పట్టింది."

"తలుపు తీసే ఉంది కదా. కావాలంటే కుర్చీ అటు జరుపుకోండి" అన్నారు. నవ్వలేదు. మళ్ళీ తనే, "నేను ముప్పై ఏళ్ళు తొమ్మిదో తరగతికి చెప్పానండీ. నన్ను దయ్యాలేం చేస్తాయి" అన్నారు. అప్పుడు నేనే నవ్వాను.

మా కోడలు రోజూ ఏడిపించేది. నేను చొక్కా మార్చుకోగానే, "మామా, గా దయ్యాల కొంప ఇంకా ఒడువలేదా, అయిపోలేదా?" అనేది. "ఇంత మంచి చొక్కా ఎవరికోసం, ఆ తెల్లగౌను పిల్లకోసమా?" అనేది. ఆ పిల్ల మీద నాకు నిజంగానే జాలి పుట్టింది. ఒకరోజు టీ తాగుతూ అడిగాను, "టీచరమ్మ, దయ్యాలు ఉన్నయంటరా?"

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు, వణుకు వల్ల. "ఉన్నాయో లేదో నాకు తెలీదు. ఈ ఆటలో మాత్రం దయ్యమంటే ఎవరూ వెళ్ళి పలకరించని మనిషి" అన్నారు. అంతే.

ఇప్పుడు నేను చేసిన తప్పు రాయాలి. ఇది రాయకుండా మిగిలింది రాస్తే ఆమె ఒప్పుకోరు.

ఏడెనిమిది నెలలయ్యాక ఒక పెట్టె దగ్గర ఆగిపోయాం. పెట్టెకు తాళం బదులు నాలుగు చక్రాలు. ఒక్కో చక్రం మీద ఆరు బొమ్మలు. సరైన నాలుగు బొమ్మలు వరుసగా వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. మూడు వారాలు చూశాం. ఏమీ తోచలేదు. ఆమె మొహం రోజురోజుకూ చిన్నబోతోంది. టీ కూడా సగం వదిలేస్తున్నారు. నాకు కష్టంగా ఉండేది. ఇంట్లో కోడలితో అన్నాను. "దానికెందుకు మామా గంత పరేషాన్" అని ఫోను తీసింది. ఎవరో ఆ ఆట మొత్తం ఆడి ఫోనులో పెట్టారు. "జర చూడు, వీడు మూడు గంటల్లో ఒడగొట్టిండు" అంది. పెట్టె వచ్చినచోట ఆపి చూపించింది. గుడ్లగూబ, చంద్రుడు, కొవ్వొత్తి, చేప. దారిపొడుగునా అదే జపం చేసుకుంటూ మర్నాడు వెళ్ళాను.

చక్రాలు తిప్పాను. ఊరికే తిప్పుతున్నట్టు మొహం పెట్టాను. పెట్టె తెరుచుకుంది. సంతోషంగా ఆమె వైపు చూశాను. ఆమె తెర చూడటం లేదు. నన్ను చూస్తున్నారు.

"ఎలా వచ్చింది?"

"అట్లనే తిప్పిన టీచరమ్మ. వచ్చింది."

"నాలుగు చక్రాలు. ఒక్కోదానికి ఆరు బొమ్మలు. ఊరికే తిప్పితే వెయ్యిన్నీ రెండొందల తొంభై ఆరు రకాలుగా తిప్పాలి. మీరు ఒక్కసారే తిప్పారు."

నేను తల దించుకున్నాను.

"స్టెప్పులు చూపించండి మేస్త్రిగారూ."

ఏం చూపించను. డెబ్బై దాటిన మనిషిని, అయిదో తరగతి పిల్లవాడిలా కూర్చున్నాను. చివరికి, "కోడలు ఫోన్ల చూపించింది. మీరు టీ తాగుతలేరని" అన్నాను.

ఆమె కోప్పడలేదు. "జవాబు కరెక్టు. మార్కులు సున్నా" అన్నారు. మౌస్ నా చేతిలోంచి తీసుకున్నారు. కుడిచెయ్యి వణుకుతుంటే ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, ఆట అంతకుముందు దాచిన చోటికి వెనక్కి తీసుకుపోయారు. అది పది రోజుల కిందటి చోటు. పది రోజులు మేము మిగతా గదుల్లో వెతికి కూడబెట్టిందంతా పోయింది. "రేపు నాలుగింటికి రండి. సాయం అడగొచ్చు మేస్త్రిగారూ. జవాబు అడగకూడదు. సాయమైతే మన బుర్రే పనిచేస్తుంది" అన్నారు.

రేపు రమ్మన్నారు గనుక బతికాను. రావద్దంటే ఏమయ్యేవాణ్ణో.

ఆ పెట్టెను మళ్ళీ పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. మెట్ల గోడకు నాలుగు పటాలున్నాయి. గుడ్లగూబ, చేప, చంద్రుడు, కొవ్వొత్తి. జవాబు నాకు తెలుసు. కాని ఆ వరుస ఎందుకో తెలియదు. నేను తెలిసినట్టు మాట్లాడకూడదు, తెలియనట్టు చూడాలి. అది ఎంత కష్టమో. ఆమె మాత్రం "ప్రశ్న మళ్ళీ చదవండి. కుదరనప్పుడు చేయాల్సింది అదొక్కటే" అంటూ కూర్చున్నారు. పదకొండో రోజు బొమ్మలు చూడటం మానేసి చట్రాలు చూశాను. నాలుగింటి కొయ్య ఒకటే, రంగు ఒకటి కాదు. ఒకటి నల్లబడింది, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. కొయ్యకు ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. అన్నిటికన్నా పాతది గుడ్లగూబ. ఆ తర్వాత చంద్రుడు, కొవ్వొత్తి. కొత్తది చేప.

ఆమెకు చెప్పాను. వేలితో చూపించాను. ఒక్కో మెట్టూ చెప్పాను. ఆమె అంతా విని, "చూశారా. ఇది మీకొచ్చిన విద్యే. మీ జవాబుని మీరే దొంగిలించుకున్నారు" అన్నారు. గళ్ళ పుస్తకం తీసుకుని, ఆ పేజీ మూల ఎర్రపెన్నుతో పదికి పది వేశారు. పదిలో సున్నా గుండ్రంగా రాలేదు, చెయ్యి వణికింది. నాకు అంతకుముందు ఎవరూ పదికి పది వేయలేదు. ఆ పేజీ చూపించమంటే ఇప్పుడైనా చూపిస్తాను.

ఆఖరి రెండు నెలలు ఆమె గుండె బలహీనపడింది. పక్కనే మంచం వేసుకుని పడుకునేవారు. పేము కుర్చీ ఖాళీగా ఉండేది. నేను ఆడుతూ చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. మాటలు రాని నేను గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఎడమ పక్క గోడ, గోడకు కిటికీ, కిటికీలో వాన. ఉత్తరం వస్తే తెర మీది అక్షరాలు చూసి చూసి గళ్ళ పుస్తకంలో దించి, అది ఆమెకు ఇచ్చేవాణ్ణి. నిద్రపోయారనుకుని ఆగితే, "ఊఁ, తర్వాత" అనేవారు.

అప్పటికి ఆటలో ఒక్క తలుపే మిగిలింది. మూడో అంతస్తు చివర గది. పాప ఆ గదిలోనే ఉందని ఉత్తరాల వల్ల తేలింది. మా దగ్గర పదకొండు తాళంచెవులు. ఒక్కటీ పట్టలేదు. బంగ్లా అంతా రెండుసార్లు గాలించాం. ఇంకో తాళంచెవి లేదు.

పోవడానికి నాలుగైదు రోజుల ముందనుకుంటాను, టీ తాగాక అన్నారు. "మేస్త్రిగారూ, నేను చూసినా చూడకపోయినా ఆ తలుపు తీయాలి. ఆ పిల్లని అలా వదిలేయకండి."

"ఇద్దరం తీద్దాం టీచరమ్మ. తొందరేమున్నది."

"ఫోన్లో చూడరు కదా?"

"చూడ."

"మాటేనా?"

"మాటే" అన్నాను. ఆమె కళ్ళు మూసుకున్నారు. "ఆ సుత్తి ఎప్పుడు వాడతారో మరి" అన్నారు. అది మా పాత వేళాకోళం. మొదటి నెలలోనే బంగ్లా వంటింట్లో ఒక చిన్న సుత్తి, మేకు దొరికాయి. ఎక్కడా పనికిరాలేదు. ఏడాదికి పైగా సంచీలో మోస్తున్నాం. "వడ్రంగి చేతిలో సుత్తి ఉంది, పని మాత్రం లేదు" అనేవారు.

ఆమె పోయాక రెండు వారాలు ఆ వీధి వైపు వెళ్ళలేదు. కోడలు కూడా ఏడిపించడం మానేసింది. ఒకరోజు మెల్లగా వచ్చి, "మామా, ఆఖరికి ఏమైతదో చెప్పన్నా? నేను చూసిన" అంది. వద్దన్నాను. టీచరమ్మకు మాటిచ్చాను అన్నాను. కోడలు టీ పెట్టుకొచ్చింది.

తమ్ముడుగారు ఫోను చేసి రమ్మన్నారు. ఇల్లు కిరాయిది, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. "ఆ కంప్యూటర్ మీరు తీసుకెళ్ళండి, అక్కయ్య అలాగే అంది" అన్నారు. ఇప్పుడే కదపొద్దు, నెలాఖరు దాకా అక్కడే ఉండనివ్వండి అన్నాను. ఆయన ఇంటి తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టారు.

మర్నాడు నాలుగింటికి వెళ్ళాను. కుడి రెక్క ఒక్కటే తీశాను. నా కుర్చీలో నేను కూర్చున్నాను. కింద పిల్లల గోల మొదలైంది. కంప్యూటర్ పెట్టాను. వాన, పియానో. మూడో అంతస్తు, ఆ తలుపు.

కుదరనప్పుడు ప్రశ్న మళ్ళీ చదవాలి. ప్రశ్న ఏమిటి? తలుపు తీయాలి. తాళంచెవి వెతకాలని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. మేమే అనుకున్నాం. ఇన్ని నెలలు తాళం చూశాను గాని తలుపు చూడలేదు. తలుపులు చేసి బతికిన మనిషిని, తలుపు చూడలేదు.

చూశాను. మడతబందులు బయటివైపు ఉన్నాయి, వరండాలోకి. రెక్కను చట్రానికి పట్టి ఉంచే ఇనుప సీలల తలకాయలు మన వైపే పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి.

నేను జీవితంలో ఎన్ని తలుపులు పెట్టానో లెక్కలేదు. తాళం వేసే గదికి ఒక్కసారి కూడా మడతబందులు బయటికి పెట్టలేదు. పెడితే దొంగ తాళం జోలికే పోడు, సీల కొట్టి రెక్క ఊడదీస్తాడు. పని తెలిసినవాడెవడూ అలా చేయడు. అందుకే అటు నా చూపు పోలేదు. మరి ఈ తలుపు చేసినవాడికి పని రాదా? బాగా వచ్చు. కూర్పులు చూస్తే తెలుస్తోంది. అంటే కావాలనే అలా పెట్టాడు. ఈ తలుపు బయటివాళ్ళను ఆపడానికి కాదు. లోపలివాళ్ళను ఆపడానికి. లోపల ఉన్న మనిషికి ఆ సీలలు అందవు. బయట ఉన్నవాళ్ళు ఎవరు తలుచుకున్నా, ఎప్పుడైనా, తాళంచెవితో పని లేకుండా తీయొచ్చు. ఎవరూ తలుచుకోలేదు. అంతే.

దయ్యమంటే ఏమిటో టీచరమ్మ అన్న మాట అప్పుడు నాకు అర్థమైంది.

సంచీలోంచి మేకు తీసి పై సీల కింద పెట్టాను. సుత్తితో నొక్కాను. సీల లేచింది. మధ్యది లేచింది. కిందది కొంచెం మొరాయించి లేచింది. రెక్క మెల్లగా ఇటు వాలింది. వాలినచోట, గోడకూ రెక్కకూ మధ్య, సన్నగా వెలుతురు. పియానో ఆగిపోయింది. ఏడాదిన్నరలో ఆ బంగ్లాలో అంత నిశ్శబ్దం నేను వినలేదు.

అప్పుడు తెర మీద ఒక కాగితం వచ్చింది. నాలుగు వరసల ఇంగ్లీషు. దాని కింద రెండు మాటలు, రెండు గడుల్లో. ఏదో ఒకటి నొక్కమని. పక్కకు తిరిగాను, చదివి చెప్పమని. పేము కుర్చీలో మెత్త ఒక్కటే ఉంది.

నేను నొక్కలేదు. రెండింట్లో ఒకటి గుడ్డిగా నొక్కడం చక్రాలు తిప్పడం లాంటిదే. దానికి మార్కులుండవు. ఆ నాలుగు వరసలూ, కింది రెండు మాటలూ ఈ పుస్తకంలో చెక్క మీద నగిషీ దించినట్టు ఒక్కో గీతా చూసి దించాను. ఆట ఆపినచోట దాచాను. ఇంటి తలుపు రెక్క దగ్గరగా వేసి, తాళం పెట్టి వచ్చాను.

కోడలు చదవగలదు. కాని ఆమెకు ఆఖరు తెలుసు, మొహంలో బయటపడుతుంది. నాకు జవాబు తెలిసినవాళ్ళు వద్దు. టీచరమ్మ నేర్పినట్టు చదివేవాళ్ళు కావాలి. మీరు ఆమె దగ్గర చదువుకున్నారు. అందుకని అడుగుతున్నాను. నా వయసులో నేను ఒకరిని ఏదైనా చేసిపెట్టమని అడగడం ఇదే మొదలు. ఇది జవాబు అడగడం కాదు, సాయమే. స్టెప్పులన్నీ పైన రాశాను, చూసుకోండి.

మీలో ఒక్కరు, ఏ సాయంత్రమైనా సరే, నాలుగింటికి అశోక్‌నగర్ రావాలి. ఆ నాలుగు వరసలూ చదివి నాకు తెలుగులో చెప్పాలి. ఆ తర్వాత ఏది నొక్కాలో ఇద్దరం ఆలోచిద్దాం. ఆట పెట్టి వెళ్ళిన అమ్మాయే వస్తే మరీ మంచిది. భయపడాల్సిందేమీ లేదు, భయమేస్తే కుర్చీ తలుపు వైపు జరుపుకోవచ్చు. టీ ఐదింటికి. పేము కుర్చీలో మెత్త దులిపి పెట్టాను.

లోపల ఏముందో నాకు తెలియదు. కాని తీస్తామని మాత్రం తెలుసు. మూడో అంతస్తులో తలుపు వాలి ఉంది, సందులోంచి వెలుతురు వస్తోంది, పాప లోపలే ఉంది. ఇల్లు నెలాఖరు వరకే మన చేతిలో ఉంటుంది. జవాబు తొందరగా రాయండి.